పేరు పెట్టి ఫిర్యాదు చేసే ముందు, పై కుర్చీలో ఎవరున్నారో చూసుకోండి

ఒక రాత్రి పదిన్నరకు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. (బంధుత్వాన్ని, కొన్ని వివరాలను మార్చి రాస్తున్నాను. ఎందుకో కిందికి చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.) వాడు ఒక కేంద్ర సంస్థలో చిన్న ఉద్యోగి. "మామా, చెయ్యని పనికి బిల్లు పెట్టమంటున్నారు, నేను సంతకం పెట్టలే. ఇప్పుడు యాడికి రాయాల?" అన్నాడు. గొంతు వణుకుతోంది. వాడికి ఆ రాత్రి, ఆ తర్వాత నాలుగైదు రోజులు నేను చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే అనంతపురం, కర్నూలు, కడపల్లో ఇదే టెన్షన్‌తో నిద్రపట్టక దొర్లేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు, వాళ్ళను కూర్చోబెట్టి విడమరిచి చెప్పే మనిషి మాత్రం ఆఫీసుల్లో దొరకడు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఒక జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఒక కొనుగోలు ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. మూడు వేర్వేరు షాపుల కొటేషన్లు, మూడూ ఒకే చేతిరాత. నేను నా పేరు, హోదా రాసి, సంతకం పెట్టి, రెండు పేజీల ఉత్తరం పై ఆఫీసుకు పంపాను. మూడు వారాలు కాకముందే ఆ ఉత్తరం మా ఆఫీసు ఇన్‌వర్డుకే తిరిగొచ్చింది. పైన ఎర్ర ఇంకుతో "రిమార్కులు పంపండి" అని రాసి ఉంది. ఎవరి రిమార్కులు? నేను ఎవరి మీద రాశానో ఆయనవే. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆఫీసంతా తెలిసిపోయింది. ఆ తర్వాత దూరపు మండలానికి డెప్యుటేషన్, రెండు మెమోలు, ఒక ఇంక్రిమెంటు ఆగిపోవడం, ఇంట్లో మా ఆవిడ ఏడుపు. అన్నీ సర్దుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఆ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నేను చెయ్యాల్సి ఉండి చెయ్యని పని ఒక్కటే: నా ఉత్తరం విప్పే మనిషి ఎవరు, నా పేరు దాచే బాధ్యత ఆయనకు ఉందా, ఆయన మీద ఒత్తిడి వస్తే తట్టుకునే కుర్చీనా అది, ఇవేవీ చూసుకోలేదు. అందుకే ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పే ముందు, ఎవరికి రాస్తున్నామో ఎలా తెలుసుకోవాలో చెప్తాను.

మీరు ఢిల్లీ మనిషా, రాష్ట్రం మనిషా

మొదట ఇది తేలాలి. గుంతకల్లు రైల్వే డివిజన్, తపాలా శాఖ, ప్రభుత్వ రంగ బ్యాంకులు, తుమ్మలపల్లె యురేనియం గని లాంటి చోట్ల ఉద్యోగుల మీద ఫిర్యాదు అయితే అది కేంద్ర విజిలెన్స్ కమిషన్, అంటే సీవీసీ, పరిధిలోకి వస్తుంది. రెవెన్యూ, పంచాయతీరాజ్, మునిసిపాలిటీ, ఆర్టీసీ, రాష్ట్ర విద్యుత్ సంస్థలు అయితే రాష్ట్రం చూసుకోవాలి, సీవీసీ ముట్టుకోదు.

ఇక్కడ చాలామంది పొరబడేది డబ్బు విషయంలో. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది, ఆ డబ్బులో పెద్ద భాగం కేంద్రానిదే. కానీ ఎం.బుక్ అనే పుస్తకంలో పని కొలతలు రాసే మనిషి కేంద్ర ఉద్యోగి కాదు. డబ్బు ఢిల్లీది కదా అని సీవీసీకి రాస్తే నెలలు వృథా అవుతాయి. తప్పు చేసిన మనిషికి జీతం, హోదా ఎవరిస్తున్నారో దాన్ని బట్టి చూసుకోండి.

చట్టం ఉంది కదా అనే ధీమా వద్దు

"విజిల్ బ్లోయర్ల చట్టం వచ్చింది కదా సార్" అని నాతో కనీసం పదిమంది అన్నారు. తప్పును బయటపెట్టేవాళ్ళను కాపాడే చట్టం అది. వచ్చింది, 2014 మే నెలలో రాష్ట్రపతి సంతకం కూడా అయింది. కానీ ఆ చట్టం అమల్లోకి రావాలంటే కేంద్రం ఒక తేదీ ప్రకటించాలి. అది జరగలేదు. 2015లో దాన్ని సవరించడానికి తెచ్చిన బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభలో ఆగి, 2019లో మురిగిపోయింది. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టిన వాళ్ళకు 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా అని ఆ చట్టంలో ఉంది, వేధింపు జరగలేదని నిరూపించుకునే భారం ఆఫీసు మీదే పెట్టారు. చదువుతుంటే కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ ఇవాళ మీ చేతిలో ఉన్న ఆయుధం అది కాదు.

ఉన్నదల్లా 2004 ఏప్రిల్ 21 నాటి కేంద్ర ప్రభుత్వ తీర్మానం. తప్పు గురించి రాసిన మనిషి పేరును సీవీసీ దాచాలని అందులో ఉంది. ఆఫీసుల్లో దీన్ని పీఐడీపీఐ అంటారు. అది ఎలా వచ్చిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. సత్యేంద్ర దూబే అనే యువ ఇంజినీరు జాతీయ రహదారుల సంస్థలో పనిచేస్తూ, స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అవినీతి గురించి ప్రధానమంత్రికి ఉత్తరం రాశాడు. తన వివరాలు విడి కాగితం మీద రాసి, పేరు బయటికి రానివ్వొద్దని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసుల చుట్టూ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. నా ఉత్తరం తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ కుర్రాడే గుర్తొస్తాడు. నాకు ఇంక్రిమెంటు పోయింది, అంతే.

కుర్చీని ఎలా చూడాలి

ఏ సంస్థ వెబ్‌సైటు తెరిచినా "మా గురించి" అనే చోట పెద్దవాళ్ళ ఫొటోలు ఉంటాయి. మనం వాటిని దాటేసి ఫోన్ నంబర్ వెతుక్కుంటాం. నేను చెప్పేది, అక్కడ కాసేపు ఆగండి.

మొట్టమొదట, ఆ కుర్చీలో మనిషి ఉన్నాడా లేడా చూడండి. ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇందులోనే చాలామంది దెబ్బతిన్నారు. లోక్‌పాల్ చట్టం 2014 జనవరిలో అమల్లోకి వస్తే మొదటి లోక్‌పాల్ జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ ప్రమాణం చేసింది 2019 మార్చిలో. (ఆయన అంతకుముందు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా కొన్ని నెలలు పనిచేశారు.) ఐదేళ్ళు చట్టం ఉంది, మనిషి లేడు. మన రాష్ట్ర లోకాయుక్తలోనూ జస్టిస్ సుభాషణ్ రెడ్డి పదవీకాలం 2017లో ముగిశాక, 2019 సెప్టెంబరులో జస్టిస్ లక్ష్మణ రెడ్డి వచ్చేదాకా ఆ కుర్చీ ఖాళీ. ఖాళీ కుర్చీకి పంపిన ఫిర్యాదు ఎవరో ఒక గుమస్తా బీరువాలో ఉంటుంది, మీ పేరుతో సహా.

రెండోది, ఆ మనిషిని ఎవరు పెట్టారు. కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. పేరు సూచించే కమిటీలో ప్రధాని, హోంమంత్రి, లోక్‌సభలో ప్రతిపక్ష నేత ముగ్గురూ ఉంటారు. ఆ మూడో మనిషి ఎందుకు ముఖ్యమో 2010లో తెలిసింది. పి.జె. థామస్ పేరు వచ్చినప్పుడు, కేరళ పామోలిన్ కేసులో ఆయన మీద అభియోగం పెండింగులో ఉందని అప్పటి ప్రతిపక్ష నేత సుష్మా స్వరాజ్ ఒప్పుకోలేదు. అయినా నియమించారు. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని కొట్టేసింది. ఆ పెండింగు అభియోగాన్ని కమిటీ పట్టించుకోలేదని కోర్టు తప్పుపట్టింది. అదే ఒకే మనిషి సంతకంతో భర్తీ అయ్యే కుర్చీ అయితే ఇలా అడ్డం చెప్పేవాళ్ళే ఉండరు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: ఆ మనిషిని ఎవరు తీసేయగలరు? కేంద్ర విజిలెన్స్ కమిషనర్ పదవి 4 ఏళ్ళు, లేదా 65 ఏళ్ళు నిండే దాకా. మధ్యలో చెడు నడవడి అంటూ తీసేయాలంటే సుప్రీంకోర్టు విచారించి తేల్చాలి. పక్కన ఏసీబీని, అంటే రాష్ట్ర అవినీతి నిరోధక శాఖను, పెట్టి చూడండి. ఏసీబీ అధిపతి సర్వీసులో ఉన్న ఐపీఎస్ అధికారి, ప్రభుత్వం తలుచుకుంటే ఒక్క జీవోతో వేరే చోటికి పోతారు. ఏసీబీలో మంచివాళ్ళు లేరని నేను అనడం లేదు, లంచం అడుగుతున్న మనిషిని డబ్బుతో సహా పట్టించాలంటే 1064కు ఫోన్ చేయడం కంటే మంచి దారి నాకు తెలీదు. కానీ మీ ఫిర్యాదు పెద్ద తలకాయ మీద అయితే, ఏడాది పాటు నడిచే విచారణ అయితే, మధ్యలో అధిపతి మారినా ఫైలు నిలబడుతుందా అని ఒకసారి ఆలోచించుకోండి.

ప్రొద్దుటూరులో అడిగినా ఆదోనిలో అడిగినా ఏ వీధిలోనైనా ఒక ఇంటి పిల్లలు అమెరికాలో ఉంటారు, "అక్కడైతే ఇలా ఉండదు" అంటుంటారు. నాకూ ఆ మాట పట్టుకుంది, కూర్చుని చదివాను. అక్కడ ఆఫీస్ ఆఫ్ స్పెషల్ కౌన్సెల్ అని ఒక సంస్థ ఉంది. 1979లో మొదలైంది, 1989 చట్టంతో స్వతంత్ర సంస్థ అయింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా తప్పును బయటపెడితే వాళ్ళమీద కక్ష సాధించకుండా కాపాడటమే దాని ప్రధానమైన పని. ఎంతో అసూయ కలిగించే అధికారం ఒకటి దానికి ఉంది: ఉద్యోగిని తీసేయడం కక్ష సాధింపులా కనిపిస్తే, ఉద్యోగుల అప్పీళ్ళు వినే వేరే బోర్డుకు వెళ్ళి ఆ ఉత్తర్వును 45 రోజులు ఆపించగలదు. మన దగ్గర ముందు సస్పెండ్ అవుతాం, తర్వాత తిరుగుతాం. ఆ 45 రోజుల లాంటిది మనకూ కావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కానీ అక్కడా అంతా కుర్చీ మీదే నడిచింది. స్పెషల్ కౌన్సెల్‌ను అధ్యక్షుడు నియమించి సెనేట్ ఒప్పుకోవాలి, పదవి 5 ఏళ్ళు, అసమర్థత, విధి నిర్లక్ష్యం, అక్రమం అనే కారణాలకే తీసేయాలని చట్టంలో ఉంది. 2004లో వచ్చిన స్కాట్ బ్లాక్ హయాంలో సొంత ఉద్యోగులే తమను వేధిస్తున్నారని ఫిర్యాదు చేశారు, 2008 మేలో ఎఫ్‌బీఐ ఆయన ఆఫీసులోనే సోదాలు చేసింది. కాపాడాల్సిన చోటే ఆ పరిస్థితి! మరోవైపు 2024 మార్చిలో వచ్చిన హాంప్టన్ డెలింజర్‌ను 2025 ఫిబ్రవరి 7న అధ్యక్షుడు ట్రంప్ కార్యాలయం ఒక ఈమెయిల్‌తో, కారణం చెప్పకుండా తీసేసింది. ఆయన కోర్టుకెళ్ళి తిరిగి కూర్చున్నాడు. ఉద్యోగాలు పోయిన వ్యవసాయ శాఖ ప్రొబేషనరీల కోసం బోర్డును అడిగాడు, మార్చి 5న 5 వేల మందికి పైగా తాత్కాలికంగా తిరిగి తీసుకోవాలని బోర్డు చెప్పింది. అదే రోజు అప్పీలు కోర్టు ఆయన్ని తీసేయొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మర్నాడు ఆయన కేసు వదులుకున్నాడు. ఆ బోర్డు సంగతి కూడా చెప్పాలి, 2017 జనవరి నుంచి 2022 మార్చి దాకా అందులో చాలినంతమంది సభ్యులే లేక అప్పీళ్ళ మీద తీర్పులే రాలేదు.

అంత బలమైన చట్టం ఉన్న దేశంలో ఇది జరిగింది. కాబట్టి చట్టం చదివి ఊరుకోకండి, కుర్చీలో ఉన్న మనిషి పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో కూడా కనుక్కోండి. రెండు నెలల్లో దిగిపోయే మనిషి అయితే, తొందర లేని ఫిర్యాదును కొత్త మనిషి వచ్చేదాకా ఆపుకోవచ్చు, తొందరున్నదైతే వెంటనే ఇచ్చేయాలి.

నాలుగోది, ఆ పెద్దమనిషి ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు. మీరు ఫిర్యాదు చేస్తున్న శాఖలోనే ఆయన కార్యదర్శిగా ఉండి ఉంటే, మీ ఫైలులో ఆయన సంతకమే ఉండొచ్చు. ఇది కనుక్కోవడం పెద్ద పని కాదు, నియామకం రోజు పేపర్లలో పూర్తి వివరం వస్తుంది, పాత పేపరు వెతికితే చాలు.

రాష్ట్ర ఉద్యోగులకు లోకాయుక్త

మన ప్రాంతం వాళ్ళకు ఇది కాస్త దగ్గరి తలుపు. 1983లో చట్టం వచ్చింది, 2021లో ఆఫీసు కర్నూలుకు వచ్చింది. అమరావతికి మారుస్తామన్న మాటలు కూడా తర్వాత వచ్చాయి, కాబట్టి బస్సెక్కే ముందు ఫోన్ చేసి చిరునామా ఖాయం చేసుకోండి, కుర్చీ నిండి ఉందో లేదో అదే ఫోన్లో అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. లోకాయుక్తగా హైకోర్టు స్థాయి న్యాయమూర్తి, ఉప లోకాయుక్తగా జిల్లా జడ్జి స్థాయి మనిషి ఉంటారు.

అయితే రెండు విషయాలు తెలుసుకుని వెళ్ళండి. ఫిర్యాదుతో పాటు అఫిడవిట్ ఇవ్వాలి, అంటే మీ పేరు ప్రమాణం మీద ఉంటుంది. విచారణ అయ్యాక లోకాయుక్త ప్రభుత్వానికి సిఫారసు చేస్తారు, శిక్ష వేసేది ప్రభుత్వమే. సీవీసీ తీర్మానం లాంటి ప్రత్యేక రహస్య కవరు ఏర్పాటు రాష్ట్ర ఉద్యోగికి అందులో దొరకదు. అందుకే నేను ఇచ్చే సలహా ఏమిటంటే, మీ ఒక్కరికే తెలిసిన విషయం అయితే ఒక్కరే అఫిడవిట్ మీద నిలబడకండి. అదే నష్టం తగిలిన ఊరివాళ్ళు ఉంటారు, బిల్లు పడని మేస్త్రీ ఉంటాడు, పింఛను రాని ముసలమ్మ ఉంటుంది. వాళ్ళు వాళ్ళ కడుపుమంటతో వాళ్ళ ఫిర్యాదు వాళ్ళే ఇస్తే, ఫైలు పిలిపించుకుని చూసే పని లోకాయుక్తది.

ఉత్తరం రాయడం

ఇప్పుడు మేనల్లుడి దగ్గరికి వస్తాను. వాడిది కేంద్ర సంస్థ కాబట్టి సీవీసీ. వాడు మొదట రాసిన ఉత్తరం నాకు చదివి వినిపించాడు. రెండో వాక్యంలోనే ఆపించాను. "నేను 12వ తేదీ సైటుకు వెళ్ళి చూడగా పని జరగలేదు" అని రాశాడు. ఆ తేదీన సైటుకు వెళ్ళింది ఎవరో టూర్ డైరీ తెరిస్తే తెలిసిపోతుంది. పేరు ఎక్కడా లేకపోయినా ఆ వాక్యమే వాడి పేరు. దాన్ని ఇలా మార్చాం: "ఫలానా నంబరు బిల్లులో చూపిన పని ఇప్పటికీ స్థలం మీద లేదు, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు." ఇంకోచోట "నన్ను సంతకం పెట్టమని ఒత్తిడి చేశారు" అని ఉంది. సంతకం పెట్టనిది ఆ సెక్షన్లో వాడొక్కడే! "ఆ బిల్లు మీద ఉండాల్సిన ధ్రువీకరణ లేకుండానే చెల్లింపు జరిగింది" అని మార్చాం. మీరు కూడా రాసిన తర్వాత ఒకసారి మీ పై అధికారి కళ్ళతో చదవండి, ఏ వాక్యం దగ్గర ఆయన "ఓహో, వీడే" అనుకుంటాడో అది కొట్టేయండి.

అలాగని ఆకాశరామన్న ఉత్తరం వేస్తే సీవీసీ తీసుకోదు. మీ పేరు, చిరునామా ఇవ్వాలి, కానీ ఉత్తరం మొదట్లోనో చివర్లోనో, లేదంటే ఇంకా మంచిది, విడి కాగితం మీద. అప్పుడు ఆ కాగితం తీసేసి మిగిలిన ఫిర్యాదును విచారణకు పంపడం వాళ్ళకూ తేలిక.

కవరు అంటించి మూసేయండి. పైన ఇంగ్లీషులో పీఐడీపీఐ (PIDPI) అనే ఐదు అక్షరాలు పెద్దగా రాయండి. ఈ అక్షరాలు లేకపోతే అది మామూలు ఫిర్యాదు కింద లెక్క, మీ పేరు దాచే బాధ్యత వాళ్ళమీద ఉండదు. చేరాల్సింది: కార్యదర్శి, కేంద్ర విజిలెన్స్ కమిషన్, సతర్కతా భవన్, జీపీవో కాంప్లెక్స్, ఐఎన్ఏ, న్యూఢిల్లీ 110023. పంపేవారి పేరు, చిరునామా కవరు మీద రాయకండి. ఇలాంటి కవర్ల మీద పంపేవారి పేరు కోసం పట్టుబట్టొద్దని పోస్టాఫీసులకు ఆదేశాలు ఉన్నాయి, కౌంటర్లో అబ్బాయికి తెలియకపోతే పోస్టుమాస్టరును అడగండి. మీ పేటలోని పోస్టాఫీసు కాకుండా, పనిమీద వేరే ఊరికి వెళ్ళినప్పుడు అక్కడ వేయండి. ఈమెయిల్, ఆన్‌లైన్ పోర్టల్ ఈ రకం ఫిర్యాదుకు పనికిరావు, పోస్టులోనే పంపాలి.

నకలు ఎవరికీ పంపొద్దు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మనవాళ్ళకు ఒక ఉత్తరం రాస్తే కింద పదిమందికి కాపీలు పెట్టే అలవాటు ఉంది. ఎమ్మెల్యేకి, విలేకరికి, యూనియన్ నాయకుడికి కాపీ వెళ్ళిందంటే మీ పేరు మీరే బయటపెట్టుకున్నట్టు, ఇక రహస్యం అడిగే హక్కు ఉండదు. పంపాక సీవీసీ నుంచి మీ ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది, ఈ ఫిర్యాదు మీరే చేశారా, ఇదే విషయం ఇంకెవరికైనా రాశారా అని. గడువులోగా జవాబు ఇవ్వాలి. అందుకే ఆఫీసు క్వార్టర్స్ చిరునామా ఇవ్వకండి, తపాలా భద్రంగా మీ చేతికి వచ్చే చిరునామా ఇవ్వండి. మధ్యలో "నా ఫిర్యాదు ఏమైంది" అని మళ్ళీ మళ్ళీ రాయొద్దని వాళ్ళే చెప్తారు, అది మీ మంచికే.

బదిలీ, సీనియారిటీ లాంటి సొంత గొడవలు ఇందులో కలపొద్దు. రెండూ కలిస్తే "పాత కక్షతో రాశాడు" అనడానికి దారి ఇచ్చినట్టే.

కాగితాలు, ఫోన్లు

అసలు కాగితాలు ఎప్పుడూ ఇంటికి తేవొద్దు. ఫైలు పోయిందన్న నెపం మీ మెడకే చుట్టుకుంటుంది. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, నోట్‌ఫైలు పేజీ నంబరు, ఇవి రాసుకుంటే చాలు, విచారణాధికారి ఆ పేజీ తెరుస్తాడు. ఆఫీసు కంప్యూటర్లో టైపు చేయొద్దు, ఆఫీసు ప్రింటర్ వాడొద్దు. వాట్సాప్‌లో స్నేహితుడికి ఫొటో పంపి "ఇది చూడరా" అనడం కూడా వద్దు. చేత్తో రాసినా పరవాలేదు గానీ మీ చేతిరాత ఆఫీసులో అందరికీ తెలిసినదైతే దూరంగా ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్ళండి.

సమాచార హక్కు దరఖాస్తు గురించి కూడా ఒక మాట. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10, కాబట్టి చాలామంది ముందు అది వేస్తారు. కానీ దరఖాస్తు మీద మీ పేరు ఉంటుంది. ఫలానా బిల్లు కాపీ కావాలని మీరు అడిగిన నెలకే అదే బిల్లు మీద ఫిర్యాదు వస్తే, వేరే రుజువు ఎవరికీ అక్కర్లేదు.

వేధింపు మొదలైతే

ఎంత జాగ్రత్తపడినా అనుమానం రావచ్చు. ఆ రోజు నుంచి ఒక పుస్తకం పెట్టుకోండి. తేదీ, టైము, ఎవరు ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. మెమో వస్తే కోపంతో చించొద్దు, భయంతో ఊరుకోవద్దు, ఇచ్చిన గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. నేను రెండో మెమోకు జవాబివ్వలేదు, చిరాకుతో పక్కన పడేశాను. తర్వాత నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదే, "సంజాయిషీ ఇవ్వలేదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని ఇంక్రిమెంటు ఆపారు.

సీవీసీకి ఫిర్యాదు చేసినందుకే వేధిస్తున్నారని అనిపిస్తే, రక్షణ కోరుతూ మళ్ళీ సీవీసీకే రాయొచ్చు, 2004 తీర్మానంలో ఆ వీలుంది, సంస్థకు ఆదేశాలిచ్చే అధికారం వాళ్ళకు ఉంది. దాంతో ఆగకపోతే కేంద్ర ఉద్యోగులకు హైదరాబాదులో కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ బెంచి ఉంది. రాష్ట్ర ఉద్యోగులకు పాత ట్రిబ్యునల్ రద్దయిపోయింది, నేరుగా అమరావతిలో హైకోర్టుకే వెళ్ళాలి. అనంతపురం నుంచి అంత దూరం, లాయరు ఫీజు, సెలవులు, అన్నీ భారమే, నాకు తెలుసు. అందుకే ఆ పుస్తకం రాయమంటున్నాను, లాయరు మొదట అడిగేది దాన్నే.

బెదిరింపు ఆఫీసు దాటి ఇంటిదాకా వస్తే అది సర్వీసు వ్యవహారం కాదు. ఆ రోజే పోలీసులకు రాసివ్వండి. మీరు కేసులో సాక్షి అయితే 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి, పోలీసులు ముప్పు ఎంత ఉందో నివేదిక ఇస్తారు, దాన్ని బట్టి రక్షణ ఇస్తారు. దీన్ని అడిగేవాళ్ళే తక్కువ, అడగండి.

ఇంట్లో ఒక్కరికి, ఒక్కరికే, చెప్పండి. నేను మా ఆవిడకు చెప్పకుండా చేశాను, డెప్యుటేషన్ ఆర్డరు చేతికొచ్చిన రోజు ఆమెకు అన్నీ ఒకేసారి తెలిశాయి. ఇరవై ఏళ్ళయినా ఆ రోజు ఆమె ముఖం నేను మర్చిపోలేదు. ఏ కాగితం ఎక్కడుందో, మీకేమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ ఒక్క మనిషికి తెలిసి ఉండాలి.

మేనల్లుడు ఆ ఉత్తరం చివరికి పోస్టు చేశాడా లేదా అని కొందరు అడుగుతారు. అది మాత్రం చెప్పను.